విండోస్ వాడితే ఆశయం వదిలేసినట్టేనా?

ప్రశ్న: హనుమకొండ చౌరస్తా దగ్గర మాది చిన్న డీటీపీ సెంటర్ సార్. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, మేడారం జాతర టైంలో ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాం. ఈమధ్య ఫ్రీ సాఫ్ట్‌వేర్ (అంటే ఎవరైనా లోపలి కోడ్ చూసి, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్) గురించి చదివినప్పటి నుంచి మనసంతా అటే ఉంది. కానీ షాపులో ఉన్నది విండోస్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, అందులో తెలుగు కోసం వాడే అను ఫాంట్లు. గిరాకీ మ్యాటర్ వచ్చేది వాట్సాప్‌లో, డబ్బులు వచ్చేది ఫోన్‌పేలో. అన్నీ ఒక్కసారే మారిస్తే షాపు నడవదు, మార్చకపోతే చెప్పేదొకటి చేసేదొకటి అని మా తమ్ముడే అంటున్నాడు. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: షాపు దెబ్బతినే పని పెట్టుకోకండి. మీ తమ్ముడికి ఈ సంగతి చెప్పండి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు, అంటే పూర్తి స్వేచ్ఛా సిస్టమ్ తయారుచేసే పని ప్రకటించినప్పుడు, ఆయన వాడుకోదగ్గ స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. అందుకని యూనిక్స్ మీదే, అంటే సోర్స్ కోడ్ అందరికీ అందని సిస్టమ్ మీదే కూర్చుని ఒక్కో ప్రోగ్రామ్ రాస్తూ, రాసినదాన్ని పాతదాని స్థానంలో పెడుతూ పోయారు. చివరికి మిగిలిన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) లోటు 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌తో తీరింది. ఈ విషయంలో స్టాల్‌మన్ ఎంత మొండిమనిషో అందరికీ తెలుసు, అయినా ఆయనకే ఏళ్ళు పట్టింది. మీరూ టైం తీసుకోండి, కాకపోతే ఏడాది గడిచేసరికి ఏదో ఒక పని అటువైపు జరిగి ఉండాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ఈ కంపెనీ రేపు దుకాణం కట్టేస్తే నా పని నా చేతికి వస్తుందా అని ఒక్కోదాని గురించీ అడిగి చూడండి. ఫోన్‌పే పోతే మీ డబ్బులు బ్యాంకులోనే ఉంటాయి, ఇంకో యూపీఐ యాప్‌లో అదే ఖాతా కలుపుకుంటారు. వాట్సాప్ నుంచి మీరొక్కరే బయటికొస్తే గిరాకీ మీ వెంట రాదు, అది నిజమే, కానీ వచ్చిన మ్యాటర్, ఫొటోలు కంప్యూటర్‌లోకి తీసుకుంటూనే ఉన్నారు కదా. ఈ రెండింటి గురించి ఇప్పుడే నిద్ర పాడుచేసుకోవద్దు.

నాకు నిజంగా బెంగ ఉన్నది అను ఫాంట్లలో పేరుకుపోయిన మీ ఫైళ్ళ మీద. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ అనే ప్రమాణంలో 1991 నుంచే తెలుగుకు చోటుంది, ప్రతి అక్షరానికీ దాని సొంత నంబరు ఉంది. పాత డీటీపీ ఫాంట్ల పద్ధతి వేరు, అవి ఇంగ్లీషు అక్షరాల స్థానంలో, గుర్తుల స్థానంలో తెలుగు ముక్కల్ని పెట్టాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే కనిపించేవి పిచ్చి గీతలే, పేరు కొట్టి వెతికినా దొరకదు. ఆ రోజుల్లో వేరే దారి లేదు, తెలుగు అచ్చు పని కంప్యూటర్ మీదికి వచ్చింది ఆ ఫాంట్లతోనే, ఆ గౌరవం వాటికి ఇవ్వాల్సిందే. కానీ పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7 తర్వాత కొత్త వెర్షనే లేదు. అంత పాతదాని మీద మీ జీవనాధారం ఆనుకుని ఉందని గుర్తుపెట్టుకోండి.

ఒక పెళ్ళి కార్డు సంగతే చూడండి. గిరాకీ వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ యూనికోడే. మీరు దాన్ని కన్వర్టర్‌లో వేసి అనులోకి మారుస్తారు, లేదా మళ్ళీ టైప్ కొడతారు. ప్రూఫ్ చూసి పెళ్ళికూతురి మేనమామ ఇంటిపేరు తప్పు పడిందంటారు, ముహూర్తం నిమిషాలు మారుతాయి, ఆ దిద్దుబాట్లన్నీ పేజ్‌మేకర్‌లోనే చేసేస్తారు. ఇక సరైన మ్యాటర్ ఉన్నది ఆ ఒక్క ఫైల్‌లోనే. ఈ అలవాటు తిరగేయండి. దిద్దుబాటు ముందు యూనికోడ్ ఫైల్‌లో చేయండి, ప్రింటింగ్‌కు మాత్రం అనులోకి మార్చుకోండి. కొంచెం పని పెరుగుతుంది, కానీ అసలు ప్రతి మీ దగ్గరే ఉంటుంది.

బిల్లులు, కొటేషన్లు, ఉత్తరాలు లిబ్రేఆఫీస్ అనే స్వేచ్ఛా ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు మార్చండి, అది విండోస్‌లోనే నడుస్తుంది. చిన్న కరపత్రం ఒకటి వచ్చినప్పుడు పేజీలు కూర్చే స్క్రైబస్‌లోనో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లోనో చేసి చూడండి, ఇవీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. మండలి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతోనే దొరుకుతున్నాయి. అను అంత వెరైటీ లేదని మీరంటే ఒప్పుకుంటాను. పీడీఎఫ్ ప్రెస్‌కు పంపి, ప్లేటు వేయకముందే ఒత్తులు, రంగులు సరిచూసుకోండి. ఇలా ఒక్కో పనీ మారుతూ పోతే, లినక్స్ వేసే రోజుకు మీరు వాడే ప్రోగ్రాములు ఎలాగూ అవే ఉంటాయి. అప్పటిదాకా పేజ్‌మేకర్ కోసం ఒక సిస్టమ్ అలాగే ఉంచుకోండి, అందులో తప్పేం లేదు.

మీరు రాయలేదు కానీ నేను అనకుండా ఉండలేను: షాపులో క్రాక్ కాపీలు (లైసెన్సు లేకుండా తాళం విరిచి వాడేవి) ఉంటే ముందు తీసేయాల్సింది వాటినే. డబ్బు కట్టనంత మాత్రాన అది ఫ్రీ సాఫ్ట్‌వేర్ అయిపోదు, అందులో ఏముందో చూసే హక్కూ లేదు, మార్చుకునే హక్కూ లేదు. పైగా క్రాక్ ఫైల్‌తో పాటు వైరస్ వస్తే ఏళ్ళ తరబడి చేసిన డిజైన్లన్నీ పోతాయి.

ప్రశ్న: మా ఊరి యువజన సంఘం గ్రంథాలయంలో పాత కంప్యూటర్లున్నాయి. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి, అవి 11కి పనికిరావంటున్నారు. లినక్స్ వేస్తే పిల్లలకు ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: నిస్సంకోచంగా వేయండమ్మా. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ దగ్గర పాత ఫైళ్ళ బరువు లేదు, పిల్లలకు కావాల్సింది బ్రౌజరు, తెలుగు టైపింగు, ఉద్యోగ నోటిఫికేషన్ల పీడీఎఫ్‌లు. 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్‌లో తేలికైన రకం లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ సరిపోతుంది. భారతీయ భాషలకు ఉన్న ప్రామాణిక కీబోర్డు అమరిక, తెలుగు ఇన్‌స్క్రిప్ట్, అందులోనే ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవడమే. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, ప్రింటర్, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి, ఆ తర్వాతే హార్డ్‌డిస్క్ ముట్టుకోండి.