గ్రంథాలయం బాగుచేసే ముందు ఊరి మాట ఎలా వినాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఆమదాలవలస దగ్గర మీ ఊరి శాఖా గ్రంథాలయం మరమ్మతుకు డబ్బు వస్తోంది. ప్రజలేమంటున్నారో రాసి ఇమ్మన్నారు. వాట్సాప్‌లో గూగుల్ ఫారం పెడితే నలభై చిల్లర జవాబులొచ్చాయి, దాదాపు అన్నీ ఏసీ, వైఫై, పోటీ పరీక్షల పుస్తకాలు అనే. ఇది సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండీ. ఆ జవాబులిచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికే లోపల కూర్చుని చదువుకుంటున్న కుర్రాళ్లే అయ్యుంటారు. వాళ్ల అవసరం నిజమైనదే. ఇంట్లో చోటు లేక డీఎస్సీకో గ్రూప్-2కో అక్కడికొచ్చి చదివేవాళ్లకి ఆ గదే దిక్కు. కానీ గుమ్మం ఎక్కనివాళ్లు ఎందుకు ఎక్కడం లేదో ఆ ఫారం చెప్పదు. మీరు రాసి ఇవ్వాల్సిన కాగితంలో ముఖ్యంగా ఉండాల్సింది అదే.

ఎవర్నీ ఏమీ అడక్కముందు ఇంజనీరు వేసిన అంచనా కాగితం తెచ్చుకోండి. స్లాబు కారడం, పాత వైరింగు, చెదలు, మరుగుదొడ్డి, ర్యాంపు: వీటి మీద ఓట్లు పెట్టకూడదు, అవి జరిగి తీరాలి. దివ్యాంగులకి దారి కల్పించడం 2016 నాటి హక్కుల చట్టం ప్రకారం తప్పనిసరి. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు లెక్కన, అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు కావాలి, వెడల్పు 4 అడుగులు. ముందు అంత చోటు లేకపోతే మలుపు తిప్పాలి, మలుపు దగ్గర ఏటవాలు లేని చదును వదలాలి. ర్యాంపు వేయాలా వద్దా అని జనాన్ని అడగొద్దు. ఆ చోట ఇప్పుడు సైకిళ్లు, బళ్లు పెడుతుంటే వాటిని ఎటు జరపాలో అడగండి. ఇలా ‘జరిగి తీరేవి’, ‘మీరు తేల్చాల్సినవి’, ‘ఈ విడతలో కానివి’ అని మూడు వరసలు రాసి ముందే అతికించండి. ఈ మూడూ కలిపేసి అడిగితే రేపు ‘మేం అడిగింది చేయలేదు’ అనే మాట తప్పదు.

అదే కాగితం పైన డబ్బు సంగతి కూడా రాయండి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. పంచాయతీ, మున్సిపాలిటీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. 1,000 రూపాయల పన్ను మీద 80 రూపాయలు. ‘మాకేటి తెలుస్తాది బాబూ’ అని తప్పుకునే పెద్దావిడకి అది తను కట్టిన డబ్బేనని చెబితే ఆగి మాట్లాడుతుంది.

తర్వాత వారం రోజులు తలలు లెక్కపెట్టండి. హాజరు పుస్తకాన్ని నమ్మొద్దు. పేపరు తిరగేసి వెళ్లేవాళ్లు సంతకం పెట్టరు, ఒక్కోసారి ఒకరే నలుగురికి పెడతారు. తెరిచి ఉన్న ప్రతి గంటకీ ఒకసారి చూసి మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, పరీక్షలకి చదివేవాళ్లు అని నాలుగు గడుల్లో గీతలు గీస్తే చాలు. ఏ గడి వారమంతా ఖాళీగా ఉందో, ముందుగా వెతికి పట్టుకుని మాట్లాడాల్సింది వాళ్లతోనే.

ప్రశ్నల విషయానికొస్తే, ‘గ్రంథాలయాన్ని ఆధునికీకరించాలా?’ అంటే కాదనేవారుండరు. ‘మీకేం కావాలి?’ అంటే పక్కవాళ్లు చెప్పిందే చెబుతారు. జరిగినదాన్ని అడగండి. పోయిన నెలలో ఎన్నిసార్లు వెళ్లారు? ఆఖరిసారి ఏ పని మీద? ఆ పని అయ్యిందా, ఊరికే తిరిగొచ్చారా? వెళ్లకపోతే ఎందుకు: వేళలు కుదరవా, ఆడవాళ్లు కూర్చునే చోటు లేదా, బాత్రూం లేదా, అక్షరాలు ఆనవా, అడిగిన పుస్తకం దొరకదా, అక్కడ గ్రంథాలయం ఉందన్న సంగతే తెలియదా? ఒక్క కాగితం, ఎనిమిది ప్రశ్నలు మించొద్దు. చదవలేనివాళ్ల దగ్గర ఒకరు అడగాలి, ఇంకొకరు వాళ్ల మాట వాళ్ల మాటగానే రాసుకోవాలి, మన భాషలోకి దిద్దకూడదు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఎవరైనా ఇది చేస్తుంటే ఒడియాలో కూడా కాగితం ఉండాలి. లేకపోతే ఒడియా పేపరు కావాలన్న మాట ఎప్పటికీ బయటికి రాదు. పేరు, ఫోను నంబరు అడగొద్దు. వయసు, ఆడా మగా, ఏ వీధి, అంతే.

‘తేల్చాల్సినవి’ తేల్చడానికి కాగితం కంటే చింతపిక్కలు మేలు. మూతలున్న ఆరు డబ్బాలు తీసుకోండి, అంతకు మించొద్దు. ఒక్కోదాని మీద బొమ్మ అతికించండి: పిల్లల మూల, ఆడవాళ్ల బల్ల, పరీక్షల గది, కొత్త పుస్తకాలు, కంప్యూటరు, ఏసీ. మూతకి పిక్క పట్టేంత కన్నం పెట్టండి. మనిషికి 10 పిక్కలు, ఎటైనా ఎన్నైనా వేయొచ్చు. గిన్నెలు తెరిచి ఉంటే ముందు నిండినదాంట్లోనే అందరూ వేస్తారు, అందుకే మూతలు. ఆడవాళ్లకి చింతపిక్కలు, చదువుకునే కుర్రాళ్లకి మొక్కజొన్న గింజలు, పెద్దాళ్లకి కుంకుడు గింజలు ఇస్తే ఎవరు దేనికి వేశారో లెక్కలో విడిగా తెలుస్తుంది. ఆడవాళ్లకి వయసుతో పని లేకుండా చింతపిక్కలే అని ముందే అనుకోండి, లేకపోతే అక్కడ తికమక. పదేసి పొట్లాలు ముందు రోజే కట్టుకోవాలి. పలాస ప్రాంతంలో జీడిపిక్కలు చేతికందుతాయి కదా అని వాటిని వాడొద్దు, పెంకులోని జిగురు తగిలితే చేతులు పొక్కుతాయి.

ప్రతి డబ్బా మీదా ధర రాయడం మరిచిపోకండి, ముఖ్యంగా నెలనెలా అయ్యే ఖర్చు. ఏసీ కొనేది ఒకసారి, కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా. ఆ బిల్లు ఎవరు కడతారో తేలకుండా ఓటు వేయిస్తే అన్నీ ఏసీకే పడతాయి, రెండో వేసవికి అది ఆగిపోయి గోడకి వేలాడుతుంది. వేళలు పెంచమనేవాళ్లకి కూడా ఇదే మాట: తాళం ఎవరి దగ్గర ఉంటుంది, వాళ్లకి జీతం ఎక్కణ్ణుంచి వస్తుంది అన్నది పక్కనే రాయండి.

కుర్చీల తగువు ముగ్గుతో తీరుతుంది. గది 20 అడుగులు, 30 అడుగులు అనుకుందాం. ఆవరణలో అదే కొలతతో ముగ్గు వేయండి, తలుపులు, కిటికీలు గుర్తుపెట్టండి. చదివే మనిషి ఒక్కరికి 25 చదరపు అడుగులు కావాలి. 600 చదరపు అడుగుల్లో బీరువాలు, వాటి మధ్య నడక దారి కలిపి 200 పోతే మిగిలేది 16 మందికి. ‘యాభై కుర్చీలు వేయండి’ అన్నవాళ్ల చేతే ఉన్న బల్లలు ఆ ముగ్గులోకి జరిపించండి. పిల్లల మూల గుమ్మం పక్కనుంటే చదువుకునేవాళ్లకి ఇబ్బందని ఎవరూ చెప్పకుండానే అక్కడ తెలుస్తుంది. వేదిక, మైకు పెట్టకండి. పెట్టారా, పెద్దమనుషుల ఉపన్యాసాలతో పొద్దు గడిచిపోతుంది, ఆడవాళ్లు నోరు విప్పకుండా లేచి వెళ్తారు.

ఎక్కడ, ఎప్పుడు అంటే: సంత రోజు, రేషన్ డిపో దగ్గర, డ్వాక్రా సంఘం కూర్చున్న మధ్యాహ్నం, ఆర్టీసీ కాంప్లెక్సు, బడి. ఉభాలు (వరి నాట్లు), కోతల రోజుల్లో పల్లెల్లో ఎవరూ దొరకరు. విజయనగరం వైపైతే సిరిమానోత్సవం వారం వదిలేయండి. చెన్నై, హైదరాబాదు పనులకెళ్లినవాళ్లు సంక్రాంతికి దిగుతారు. వాళ్ల పిల్లలు చదివేది ఇక్కడే కాబట్టి ఆ మూడు రోజులూ వదలకండి.

అడగాల్సినవి మరో రెండున్నాయి, చాలాచోట్ల మరిచిపోతారు. ఒకటి, పని జరుగుతున్నన్నాళ్లూ పేపర్లు, పుస్తకాలు ఎక్కడ పెట్టాలి. పూర్తిగా మూసేస్తే వచ్చే అలవాటు తప్పిపోతుంది. పైగా స్లాబు పని అక్టోబరులో పెట్టుకోకూడదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు రెండూ ఆ నెలలోనే మన మీద పడ్డాయి. రెండోది, ఏ పుస్తకాలు తీసేస్తారు. తీసేయబోయేవాటి జాబితా నెల రోజులు గోడకి అంటించి అభ్యంతరాలు తీసుకోండి. పాత వార, మాస పత్రికల్ని తూకానికి వేసే ముందు శ్రీకాకుళం కథానిలయాన్ని తప్పక అడగండి. కథకుడు కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారు, 1997లో తెలుగు కథల కోసమే దాన్ని నెలకొల్పారు. మీకు చెత్తనిపించిన సంచిక అక్కడ లేనిదై ఉండొచ్చు.

లెక్క వేసేటప్పుడు అందరి జవాబులూ కలిపి ఒకే మొత్తం చేయకండి. కుర్రాళ్లవి నూట యాభై, ఆడవాళ్లవి ముప్పై ఉంటే ఆ మొత్తం కుర్రాళ్లదే అవుతుంది. గుంపుల వారీగా పక్కపక్కన పెట్టండి. మీ గూగుల్ ఫారం కూడా పడేయక్కర్లేదు, దానికో విడి గడి ఇవ్వండి. ఊరు విడిచి వెళ్లినవాళ్లు కూడా వాట్సాప్ లింకు నొక్కుతారని గుర్తుంచుకోండి. అందుకే అందులోనూ ఏ వీధి అన్న ప్రశ్న ఉండాలి.

అడిగిన పదిహేను రోజుల్లోపే ‘మీరు అన్నది, మేం చేసేది, చేయలేనిది ఎందుకు’ అని ఒక కాగితం తలుపుకి అంటించండి. జాప్యమైతే రెండోసారి ఎవరూ మాట్లాడరు. దాని ప్రతిని పంచాయతీ లేదా మున్సిపాలిటీ తీర్మానంతో కలిపి గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. తలలు లెక్కపెట్టిన కాగితాలు మాత్రం మీ దగ్గరే దాచండి. పని పూర్తయి తలుపులు తెరిచిన మూడో నెలలో అవే గడులతో మళ్లీ లెక్కపెట్టాలి.