హోస్ మార్చి పంపేసిన కుర్రాడి గురించి బెంగ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనిచేస్తున్నాడు. ఎక్కువగా పికప్ బళ్ల టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం) పనులు. డీజిల్‌కి ఇక రోజులు లేవని అందరూ అంటున్నారు. మూడు నెలల ఈవీ (ఎలక్ట్రిక్ బళ్ల) కోర్సులో చేర్చాలా, పాలిటెక్నిక్‌కి పంపాలా? పైగా వాడికి బతకనేర్పు లేదు. మొన్న టర్బో పోయిందని వచ్చిన బొలెరో పికప్‌ని రోజంతా వెతికి, చివరికి ఒక రబ్బరు హోస్ మార్చి పంపేశాడట. – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మీరు ఫిర్యాదుగా రాసిన ఆ ఆఖరి ముక్కే నాకు బాగా నచ్చిందండీ. ముందు దాని సంగతే చూద్దాం.

బండి లోడు లాగదు, నల్ల పొగ వదులుతుంది, స్కానర్ పెడితే పీ0299 అని అండర్‌బూస్ట్ కోడ్ చూపిస్తుంది. చాలా షెడ్లలో అక్కడితో టర్బో మీద తీర్పు అయిపోతుంది. కానీ ఇంజిన్‌కి అందాల్సినంత గాలి ఒత్తిడి అందడం లేదనే ఆ కోడ్ చెబుతుంది, ఎందుకో చెప్పదు. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ చీలి ఉండొచ్చు, క్లాంపు వదులై ఉండొచ్చు, టర్బోని అదుపు చేసే యాక్చుయేటర్‌కి వెళ్లే సన్న వ్యాక్యూమ్ పైపు ఊడిపోయి ఉండొచ్చు, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. హోస్ చీలికైతే మరీ దొంగది. ఐడ్లింగ్‌లో మూసుకునే ఉంటుంది, లోడు మీద ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. షెడ్డులో నిలబెట్టి రేస్ చేస్తే ఏమీ తెలియదు. హోస్ అడుగున ఆయిల్ చెమర్చిన మరకను వేలితో తడిమి, అక్కడ వంచి చూసినవాడికే దొరుకుతుంది. మీవాడు చేసింది బహుశా అదే.

కొత్త టర్బో బిగించి ఉంటే బిల్లు పెద్దదయ్యేది, నిజమే. చీలిక మాత్రం అలాగే ఉండేది, ఓనరు మళ్లీ వచ్చి షెడ్డు మీద పడేవాడు. నిజంగా టర్బోయే పోయినప్పుడు కూడా అది ఎందుకు పోయిందో తేల్చాలి. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే షాఫ్ట్‌ని కాపాడేది పల్చని ఆయిల్ పొర. ఆయిల్ వచ్చే పైపులో మసి కట్టి ఉంటే, దాన్ని వదిలేసి వేసిన కొత్త టర్బో కూడా పాతదాని దారే పడుతుంది. ఆయిల్ తిరిగి దిగే పైపు పూడుకుపోయినా, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోయినా, టర్బో పోయినట్టే ఆయిల్ కాలి నీలం పొగ రావొచ్చు. ఇవన్నీ చూసే ఓపిక ఉన్న కుర్రాడు మీ ఇంట్లో ఉన్నాడు. మీరేమో బతకనేర్పు లేదంటున్నారు!

ఇక ఈవీ కోర్సు. ఇలాంటి ప్రశ్నలు నాకు విపరీతంగా వస్తున్నాయి. ఈవీలు పెరుగుతున్నాయి, అందులో అనుమానం లేదు. నా అనుమానమంతా మూడు నెలల సర్టిఫికెట్ల మీదే. చేర్చే ముందు వెళ్లి అడగండి: విద్యార్థులు చేతులు పెట్టి పనిచేయడానికి ఎన్ని బళ్లున్నాయి? హై వోల్టేజి గ్లవ్స్ ఉన్నాయా? బ్యాటరీ ప్యాక్ ఎప్పుడైనా విప్పి చూపిస్తారా, లేక స్లైడ్లు వేసి పంపేస్తారా? వారంటీలో ఉన్న బండి బ్యాటరీ పని కంపెనీ సర్వీస్ సెంటరే చూసుకుంటుంది. మరి ఆ సర్టిఫికెట్‌తో బయట మీవాడికి దక్కే పనేమిటి? అంతగా ఆసక్తి ఉంటే ఐటీఐల్లోనే మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అని ఒక ట్రేడ్ ఉంది. అది వేరే సంగతి.

డీజిల్ రేపే మాయమవదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) పికప్‌లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు, ఈజీఆర్, వాటి చుట్టూ బోలెడు సెన్సర్లు. ఇవి వారంటీ దాటి మీవాడి షెడ్డులాంటి చోట్లకే వస్తాయి. మల్టీమీటర్ పట్టుకుని వైరింగ్ వెతకడం ఇక్కడ నేర్చుకున్నవాడికి రేపు ఈవీ కూడా బ్రహ్మపదార్థం కాదు. అది కూర్చోబెట్టి నేర్పించండి.

పాలిటెక్నిక్ చేస్తే సర్వీస్ అడ్వైజర్, సూపర్‌వైజర్ లాంటి ఉద్యోగాలకు దారి ఉంటుంది. వాడు అడిగితే పంపండి. మీరడుగుతున్నారు, వాడు అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

అసలు మీ బాధ డీజిల్ గురించి కాదనిపిస్తోంది. పెళ్లిళ్లలో "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడిగితే షెడ్డు అని చెప్పలేకపోతున్నారు, అంతే కదా? కటువుగా ఉన్నా చెబుతున్నా: ఆ మొహమాటం మీది, దానికి వాడి ఏళ్లను ఫీజుగా కట్టకండి.

ఒక్క లోటు మాత్రం ఉంది. షెడ్డు అనుభవానికి కాగితం ఉండదు. ఆర్టీసీ డిపోల్లో డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్ ట్రేడ్‌లకు అప్రెంటిస్‌లను తీసుకుంటారు. నోటిఫికేషన్ పడినప్పుడు వాడిచేత దరఖాస్తు చేయించండి. ఉద్యోగం గ్యారంటీ కాదు, కానీ పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఈవీ కోర్సుకి పక్కన పెట్టిన డబ్బుతో ముందు ఒక మంచి మల్టీమీటర్ కొనివ్వండి. 18 నిండి ఉంటే ఎల్‌ఎమ్‌వీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ తీయించండి. లోడు మీద వచ్చే తేడాని తనే నడిపి చూడాలి, ఎంతకాలమని డ్రైవర్ చెప్పింది విని పనిచేస్తాడు?