దేవుడితో బేరం వద్దు, ఆయన మీద ఆనుకో

బుజ్జీ, ప్రభువు నామంలో వందనాలు.

ఉద్యోగం పోయింది, హైదరాబాద్‌లో అద్దె, ఈఎంఐ మీద పడ్డాయి, ఉపవాసముండి ప్రార్థిస్తున్నా ఆశీర్వాదం రావట్లేదు, నా విశ్వాసంలోనే లోపముందేమో పెద్దమ్మా అని రాశావు. ముందు ఆ టెన్షన్ తీసెయ్. టీవీలో ఎవరో చెప్పారని విత్తన కానుక, అంటే విత్తనంలా వేస్తే ఎన్నో రెట్లు తిరిగొస్తుందనే డబ్బు పంపబోతున్నానన్నావే, అది మాత్రం పంపకు. సంఘానికి ప్రేమతో ఇవ్వడం వేరు, ఇంత ఇస్తే అంత తిరిగి రావాలని లెక్కేసి ఇవ్వడం వేరు. అది వడ్డీ వ్యాపారం.

ఉపవాసం మానమనను. కానీ లూకా సువార్త 18లో యేసు చెప్పిన కథలో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రం గట్టిగా పాటించే భక్తుడు, వారానికి రెండుసార్లు ఉపవాసముంటున్నానని దేవుడికే చెప్పుకున్నాడు, పన్నులు వసూలు చేసే సుంకరి మాత్రం తలెత్తకుండా "పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, నీతిమంతుడిగా ఇంటికెళ్లింది సుంకరే కదా.

శత్రువులు దండెత్తి వచ్చినప్పుడు యూదా రాజు యెహోషాపాతు జనమంతా వింటుండగా "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు" అని ప్రార్థించాడు. రెండో దినవృత్తాంతములు 20వ అధ్యాయం, ఇవాళే చదువు. పొద్దున్నే పెద్ద పెద్ద మాటలు వెతుక్కోకుండా ఆ ఒక్క మాట చెప్పి, తర్వాత కూర్చుని ఉద్యోగాలకు అప్లై చెయ్యి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా ఆకాశం నుంచే కురిసింది, ఏరుకోవడానికి మాత్రం జనమే గుడారాల్లోంచి బయటికి రావాల్సి వచ్చింది, రేపటికని దాచుకున్నది పురుగు పట్టింది. ఆర్నెల్ల తర్వాత ఏమవుతుందోనని ఈ రాత్రి నిద్ర పాడుచేసుకోకు, ఈ రోజుకు కావలసింది అడుగు.

ఎదురుచూడటం కష్టమే, కాదనను. 1854 జనవరి 1న అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జూవెట్ దంపతులు, వాళ్లతో కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఆలోచిస్తున్న రోజులవి. ఆ మిషన్‌కే చెందిన క్లౌ దొరగారు ఒంగోలులో స్థిరపడి పని మొదలుపెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్లకు. తర్వాత 1876-78 కరవు వచ్చింది. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చూశాడు, తిండి కోసమే వస్తారేమోనని ఆ కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాకు ఆ సంఖ్య కంటే ఆయన ఆగిన తీరే ఎక్కువ నచ్చుతుంది. ప్రార్థించిన మనిషే పనీ చూపించాడు, దేవుణ్ణి మాత్రం అన్నానికి ఎర చేయలేదు.

ఇక నీకు నచ్చని మాట. ఉద్యోగం పోయిన సంగతి సంఘంలో ఎవరికీ చెప్పలేదన్నావు. దేవుడి ముందు మోకరించి, మనుషుల ముందు బింకంగా ఉంటే ఎలా తల్లీ? బైబిల్లో కుష్ఠు పట్టిన నయమాను అంతటి సైన్యాధిపతి, అతనికి బాగయ్యే దారి చెప్పింది చెరపట్టి తెచ్చిన ఓ చిన్నపిల్ల. ప్రవక్త యొర్దాను నదిలో మునగమంటే కోపం తెచ్చుకుని వెళ్లిపోతుంటే ఒప్పించి వెనక్కి తిప్పింది అతని పనివాళ్లు. పెద్దవాడు చిన్నవాళ్ల మాట విన్నాకే బాగయ్యాడు. నీకు దేవుడు పంపే సాయం కూడా నువ్వు అడగడానికి సిగ్గుపడే మనిషి చేతుల మీదుగానే రావచ్చు.

అడిగిన ఉద్యోగమే వస్తుందని నేను మాటివ్వలేను. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని. ముల్లు పోలేదు, ప్రభువు మాత్రం అతన్ని విడిచిపెట్టలేదు. నేను ఆశీర్వాదమనేది దాన్నే, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారి దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పు. బ్యాంకుకు వెళ్లి ఈఎంఐకి గడువు అడుగు. అద్దెకు తక్కువైతే మొహమాటపడకుండా నాకు ఫోన్ చెయ్.

మీ పెద్దమ్మ