మెడనొప్పి చేతిలోకి దిగుతుంటే

ప్రశ్న: నా వయసు 44. ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు, చీరల ఫాల్స్ కుడతాను. నెల రోజులుగా మెడ కుడిపక్క మొదలైన నొప్పి భుజంలోకి దిగి, జబ్బ మీదుగా బొటనవేలి దాకా లాగుతోంది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఎక్స్‌రేలో మెడ ఎముకలు అరిగాయన్నారు. కాలర్ పెట్టుకుంటున్నాను. మెడ విరిపించుకుంటే తగ్గుతుందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. కుట్టుపని మానేయాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీరు రాసిన వాటిలో ఎక్స్‌రే కన్నా ముఖ్యమైనది, నొప్పి బొటనవేలి దాకా వెళ్తోందన్న విషయం. మెడలో 7 వెన్నుపూసలు, ఒక్కో వైపు 8 నరాల మూలాలు ఉంటాయి. వాటిలో కింది నాలుగు ప్రధానంగా భుజానికి, చేతికి వెళ్తాయి. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ పక్కకు ఉబ్బినా, ఎముక అంచు పెరిగినా నరం మూలం నొక్కుకుపోతుంది. అప్పుడు నొప్పి ఆ నరం వెళ్లే దారి పొడవునా తెలుస్తుంది. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కితే ఆరో నరాన్ని, నడిమివేలైతే ఏడో నరాన్ని సాధారణంగా అనుమానిస్తాం. చేతిని ఎత్తి తల మీద పెట్టుకున్నప్పుడు బాధ తగ్గితే ఆ అనుమానం బలపడుతుంది. అయితే మణికట్టులో నరం నొక్కుకున్నా ఇవే వేళ్లు తిమ్మిరెక్కుతాయి కాబట్టి డాక్టరు చేతితో పరీక్షించి చూడటం అవసరం. చెయ్యి పైకెత్తడం, జడ వేసుకోవడం కష్టమవుతుంటే లోపం భుజం కీలులోనే ఉండవచ్చు. షుగరు ఉన్నవారిలో ఇది ఎక్కువ.

అరుగుదల అన్న మాటకు భయపడకండి. నలభై దాటిన చాలామందికి, ఏ నొప్పీ లేనివారికి కూడా, ఎక్స్‌రేలో అది కనిపిస్తుంది. ఇలాంటి నరం నొప్పి ఎక్కువమందిలో ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో, ఒక్కోసారి రెండు మూడు నెలల్లో తగ్గుతుంది. కాలర్ నొప్పి తీవ్రంగా ఉన్న కొద్ది రోజులకే పనికొస్తుంది. నెలల తరబడి వాడితే మెడ కండరాలు బలహీనపడతాయి. వేడి కాపడం హాయినిస్తుంది. నొప్పి మాత్రలు మందుల షాపులో అడిగి రోజుల తరబడి వాడితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు, బీపీ కూడా పెరగవచ్చు. మెడ మాత్రం ఎవరిచేతా విరిపించుకోవద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం, అరుదే అయినా, నిజంగా ఉంది.

గోడకు వీపు ఆనించి కూర్చుని, తల వంచకుండా గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగి, 5 సెకన్లు ఆపి వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు రెండు మూడు విడతలు చేయవచ్చు. చేస్తున్నప్పుడు నొప్పి చేతిలోకి ఇంకా కిందికి పాకితే ఆపేసి ఫిజియోథెరపిస్టును కలవండి.

చేతిలో పట్టు సడలి వస్తువులు జారిపోతున్నా, నడక తూలుతున్నా, మల మూత్రాలపై అదుపు తప్పినా, మెడనొప్పితో పాటు జ్వరం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నడిచినప్పుడు ఛాతీ బిగుసుకుని భుజం లాగడం, చెమటలు పట్టడం గుండెకు సంబంధించినవి కావచ్చు, వెంటనే చూపించుకోవాలి.

కుట్టుపని మానక్కర్లేదు. మెడను ఎక్కువ బాధించేది మిషన్ కాదు, హుక్కులు, ఫాల్ చేత్తో కుట్టేటప్పుడు బట్టను ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి తల వంచడం. ఒళ్లో రెండు దిండ్లు పెట్టుకుని బట్టను ఎత్తులోకి తెచ్చుకోండి, లైటు దగ్గరగా జరుపుకోండి, అరగంటకోసారి లేచి భుజాలు వెనక్కి తిప్పండి. నొప్పి తగ్గేదాకా చేతిపని కొంత తగ్గించి, మిషన్ పని ఎక్కువ ఒప్పుకోండి.