కరోకేకి వెళ్లొచ్చాక గొంతు పోయింది.. గుసగుసగా మాట్లాడొచ్చా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నా వయసు 36, స్కూల్లో లెక్కలు చెబుతాను. శనివారం పక్కింటావిడ పుట్టినరోజని హోసూరులో కరోకేకి తీసుకెళ్లారు. మూడు గంటల్లో పదో పన్నెండో పాటలు పాడాను. ఇంటికొచ్చేదాకా బాగానే ఉంది, పొద్దున లేచేసరికి గొంతు బొంగురుపోయింది. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ మూడు రోజులు వేసుకున్నా, ఐదో రోజుకీ తగ్గలేదు. క్లాసులో గుసగుసగా నెట్టుకొస్తున్నాను. మామూలవుతుందా?

డాక్టర్ సలహా: గొంతు ఎప్పుడు పోయిందో మీరు సరిగ్గా రాశారు, సగం సమాధానం అందులోనే ఉంది. పాట మధ్యలో, పై స్థాయిలో ఉండగా టప్పున తెగినట్టు గొంతు ఆగిపోతే స్వరతంతువుల్లో సన్నటి రక్తనాళం చిట్లిందేమో అనుకోవాలి. అప్పుడు మాట పూర్తిగా ఆపేసి, ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీకి చూపించుకోవాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోకూడదు. మీకు తెల్లారేసరికి బొంగురుపోయింది కాబట్టి, ఇది చాలామటుకు వాపే. సాధారణంగా తగ్గిపోతుంది.

మామూలుగా మాట్లాడేటప్పుడే ఆడవాళ్ల స్వరతంతువులు సెకనుకు దాదాపు 200 సార్లు ఒకదానికొకటి తాకుతాయి. పై స్థాయిలో పాడితే అది రెట్టింపు దాటుతుంది. కానీ నా లెక్కలో పాటలకంటే మధ్యలో చెప్పుకునే కబుర్లే ఎక్కువ చేటు. స్పీకర్ల హోరులో మనకు తెలియకుండానే గొంతు పెంచేస్తాం, అక్కడ చేతిలో మైకు కూడా ఉండదు.

జ్వరం గానీ, ఇన్ఫెక్షన్ లక్షణాలు గానీ ఉన్నట్టు మీరు రాయలేదు. అరిచి వాచిన గొంతుకు యాంటీబయాటిక్‌తో పనిలేదు. సోమవారానికల్లా గొంతు రావాలని షాపులో స్టెరాయిడ్ అడగొద్దు. వాపు అణిగినట్టనిపించి మీరు మళ్లీ అరుస్తారు.

గుసగుస ఆపేయండి. అది గొంతుకు విశ్రాంతి అనుకుంటారు గానీ, చాలామంది గుసగుసలాడేటప్పుడు స్వరపేటికను నొక్కిపట్టే మాట్లాడతారు. రెండు రోజులు వీలైనంత మౌనంగా ఉండండి. కుదిరితే స్కూలుకు సెలవు పెట్టండి. తర్వాత మెత్తటి మామూలు గొంతుతో చిన్న చిన్న మాటలు. క్లాసుకు నడుముకు కట్టుకునే చిన్న మైకు సెట్టు వాడండి. మాటిమాటికీ గొంతు సవరించుకోవద్దు. గరగర అనిపిస్తే ఒక గుక్క నీళ్లు మింగండి.

తాగిన నీళ్లు స్వరతంతువులను తాకవు. తాకితే పొలమారుతుంది. అవి రక్తంలో కలిసి, కొన్ని గంటలకు తడినిస్తాయి. అందుకే రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే అంగిటి మంట తగ్గుతుంది, అంతవరకే. బుగ్గన పెట్టుకునే కరక్కాయ కూడా లాలాజలం ఊరించి గరగర తగ్గిస్తుంది గానీ లోపలి వాపును తీయదు. నేరుగా తగిలేది ఆవిరే. బామ్ వేయకుండా ఉత్త నీళ్లతో, రోజుకు రెండుసార్లు పది నిమిషాలు చాలు. గిన్నె ఒళ్లో పెట్టుకోవద్దు, కాలిన కేసులు చాలా వస్తాయి.

రెండు రోజుల మౌనం అయ్యాక, మూడో రోజు నుంచి ఒక చిన్న కసరత్తు. సగం గ్లాసు నీళ్లలో స్ట్రాను రెండు సెంటీమీటర్లు ముంచి, 'ఊ' అంటూ బుడగలు వచ్చేలా ఊదండి. రెండు నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. నొప్పి పుడితే ఆపేయండి.

ఆ రాత్రి ఆలస్యంగా బిర్యానీ తిని పడుకుని ఉంటే, ఎగదన్నిన యాసిడ్ కూడా తోడై ఉండొచ్చు. తిండికీ పడకకూ మూడు గంటల ఎడం ఉంచండి.

మళ్లీ వెళ్తే మైకును మూతికి రెండంగుళాల దూరంలో పట్టుకోండి, అరవాల్సిన పని ఉండదు. ట్రాకులు ఎక్కువగా అసలు గాయని శ్రుతిలోనే ఉంటాయి. 'కీ' రెండు మూడు మెట్లు తగ్గించమని అడగండి. రెండు పాటలకొకసారి బయటికొచ్చి మౌనంగా కూర్చోండి.

మరో పది రోజులకు కూడా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ దగ్గర ఎండోస్కోపీ చేయించుకోండి, కొన్ని నిమిషాల పని. మీది గొంతుతో చేసే ఉద్యోగం, నెలదాకా ఆగొద్దు. ఊపిరి ఆడకపోయినా, మింగలేకపోయినా, దగ్గులో రక్తం పడినా ఆ పది రోజులు కూడా చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.