అనస్థీషియాలజిస్ట్ అసిస్టెంట్: కోర్సు కన్నా ముందు రాష్ట్రం చూసుకోవాలి

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఉంటున్నాం. మా అమ్మాయి బయాలజీ డిగ్రీ మూడో సంవత్సరంలో ఉంది. మెడిసిన్ వద్దు, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు (అనస్థీషియాలజిస్ట్) పర్యవేక్షణలో పనిచేసే అనస్థీషియాలజిస్ట్ అసిస్టెంట్ కోర్సు చేస్తానంటోంది. పేరులోనే ‘అసిస్టెంట్’ అని ఉంది కదా, ఎప్పటికైనా స్వతంత్రంగా పనిచేయగలదా? రెండు మూడేళ్లలో మా అన్నయ్య వాళ్లకు దగ్గరగా న్యూజెర్సీకి మారాలనే ఆలోచన కూడా ఉంది. గుంటూరులో బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ చదివిన మా మేనల్లుడు తానూ ఇదే ఉద్యోగానికి రావచ్చా అని అడుగుతున్నాడు.

జవాబు: మీరు ముఖ్యమనుకున్నది ‘అసిస్టెంట్’ అనే మాట. నాకు మాత్రం ముఖ్యంగా కనబడింది మీరు మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన న్యూజెర్సీ సంగతి. ఈ వృత్తికి లైసెన్సు ఇచ్చే చట్టం న్యూజెర్సీలో లేదు. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లోనూ లేదు. అంటే మీ అమ్మాయి ఎంత మంచి విశ్వవిద్యాలయంలో చదివినా, జాతీయ పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా, ఈరోజున్న చట్టం ప్రకారం మీ అన్నయ్యగారి ఊళ్లోని ఆసుపత్రిలో ఈ ఉద్యోగం చేయలేదు.

ఈ పరిస్థితి ఎందుకు వచ్చిందో తెలియాలంటే వృత్తి పుట్టుక కొంచెం చెప్పుకోవాలి. 1960ల్లో అమెరికాలో మత్తు డాక్టర్లు చాలక, వారి పర్యవేక్షణలో పనిచేసేందుకు సైన్సు చదువు బలంగా ఉన్న వారిని తయారు చేయాలని కొందరు అనస్థీషియా ఆచార్యులు ఆలోచించారు. 1969లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం, క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం ఈ చదువును మొదలుపెట్టాయి. అయితే వైద్య వృత్తులకు లైసెన్సు ఇచ్చే అధికారం అక్కడ కేంద్ర ప్రభుత్వానిది కాదు, ఒక్కొక్క రాష్ట్రానిది. అందువల్ల ఈ వృత్తి ఒక్కో శాసనసభ గడపా ఎక్కి, ఒక్కో చట్టం సంపాదించుకుంటూ ముందుకు జరగవలసి వచ్చింది, ఇప్పటికీ అలాగే జరుగుతోంది. నెవాడా 2023లో, వాషింగ్టన్ రాష్ట్రం 2024లో చట్టాలు చేశాయి. ఇప్పుడు సుమారు 20 రాష్ట్రాల్లో, వాటితో పాటు రాజధాని వాషింగ్టన్ డీసీలో ఈ పని చేయవచ్చు. మీరున్న జార్జియాతో పాటు ఫ్లోరిడా, ఒహైయో, మిస్సోరి, కొలరాడో, ఇండియానా, రెండు కరోలినాలు ఆ జాబితాలో ఉన్నాయి.

మన వాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్ సంగతి కాస్త వేరు. అక్కడ ప్రత్యేకంగా లైసెన్సు లేదు, కానీ డాక్టరు తన పనిలో కొంత భాగాన్ని అర్హత ఉన్న వ్యక్తికి అప్పగించవచ్చని చెప్పే నిబంధన కింద వీరు పనిచేస్తున్నారు. మిషిగన్‌లోనూ ఇలాగే నడుస్తుంది. ఉద్యోగాలు నిజంగానే ఉన్నాయి. అయినా వృత్తిని పేరు పెట్టి గుర్తించే చట్టం ఉండటానికీ, డాక్టరు అప్పగింత మీద ఆధారపడటానికీ తేడా ఉంది. రెండు చోట్లా అవకాశం వస్తే లైసెన్సు ఉన్న రాష్ట్రాన్నే ఎంచుకోమని నేను చెబుతాను.

ఇక మీ మొదటి ప్రశ్న. స్వతంత్రంగా పనిచేయడం ఈ వృత్తిలో ఉండదు. ఇరవై ఏళ్ల అనుభవం వచ్చాక ఇస్తారేమో అనే ఆశ కూడా పెట్టుకోవద్దు. మన దగ్గర జూనియర్‌గా చేరినవారు కొన్నాళ్లకు సీనియర్ అయినట్లు ఈ వృత్తిలో పర్యవేక్షణ తొలగిపోదు. మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) పథకంలో ఉన్న ఆసుపత్రులు పాటించవలసిన కేంద్ర నిబంధనల్లో, అనస్థీషియాలజిస్ట్ అసిస్టెంట్ మత్తు ఇవ్వాలంటే అనస్థీషియాలజిస్ట్ పర్యవేక్షణ ఉండాలని, ఆ డాక్టరు అవసరమైతే తక్షణం అందుబాటులో ఉండాలని రాసి ఉంది. శస్త్రచికిత్స చేస్తున్న సర్జన్ పర్యవేక్షణ దీనికి సరిపోదు. ‘తక్షణం అందుబాటు’ అంటే ఫోనులో దొరకడం కాదు. అదే ఆపరేషన్ థియేటర్ల సముదాయంలోనో, అదే ప్రసూతి విభాగంలోనో ఉండి, వెంటనే వచ్చి రోగి మీద చేయి వేయగలిగినంత తీరికలో ఉండటం.

ఒక ఉదయం పని ఎలా సాగుతుందో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. మొదటి కేసుకు చాలా ముందే అసిస్టెంట్ థియేటర్‌కు వచ్చి మత్తు యంత్రాన్ని, ఆక్సిజన్ సరఫరాను, సక్షన్‌ను పరీక్షించి, పాలలా తెల్లగా ఉండే ప్రోపోఫాల్ అనే మత్తు మందును, కండరాలను సడలించే మందును సిరంజిల్లోకి ఎక్కించి, ఒక్కోదానికీ పేరు, మోతాదు రాసిన లేబుల్ అంటించి పెట్టుకుంటారు. డాక్టరు రోగిని ముందే పరీక్షించి మత్తు ప్రణాళిక నిర్ణయించి ఉంటారు. రోగిని నిద్రపుచ్చే ఆ కొద్ది నిమిషాలూ డాక్టరు గదిలోనే ఉంటారు. శ్వాసనాళంలో గొట్టం వేయడం చాలాసార్లు అసిస్టెంట్ చేతుల మీదుగానే జరుగుతుంది. ఊపిరి, రక్తపోటు కుదురుకున్నాక డాక్టరు పక్క గదికి వెళ్తారు. అప్పటి నుంచి రోగి తల దగ్గర కూర్చుని, కనీసం అయిదు నిమిషాలకొకసారి రక్తపోటు, గుండె వేగం నమోదు చేస్తూ, మందు పెంచుతూ తగ్గిస్తూ ఉండేది అసిస్టెంటే. మధ్యమధ్య డాక్టరు వచ్చి చూస్తారు, మెలకువ తెచ్చే వేళకు మళ్లీ వస్తారు. ఈ పని చేసేవారిని ‘సహాయకులు’ అని తేలిగ్గా తీసేయడం సరికాదు. అలాగని తుది బాధ్యత వారిదని చెప్పడం కూడా సరికాదు.

డాక్టరు ఇలా దగ్గరుండి నడిపించడాన్ని మెడికేర్ ‘వైద్య నిర్దేశం’గా లెక్కిస్తుంది. ఆ లెక్కలో ఒక డాక్టరు ఒకేసారి నాలుగు గదులకు మించి చూడకూడదు. రోగిని ముందే పరీక్షించడం మొదలు ఆపరేషన్ తర్వాతి సంరక్షణ దాకా ఏడు షరతులున్నాయి. అవన్నీ పాటిస్తే ఫీజు డాక్టరుకు సగం, అసిస్టెంట్‌కు సగంగా లెక్క కడతారు. అయిదో గది చేరితే డాక్టరుకు వచ్చే ఫీజు బాగా పడిపోతుంది. ఆసుపత్రులు నాలుగు దగ్గర ఆగడానికి రోగి భద్రతతో పాటు ఈ లెక్క కూడా కారణమే. రాష్ట్ర చట్టాలు తమ పరిమితులు వేరుగా పెట్టుకోవచ్చు కనుక రెండింటిలో కఠినమైనదే వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

అనస్థీషియాలజిస్ట్ తక్షణం అందుబాటులో ఉండాలన్న నిబంధన వల్ల వచ్చే మరో ఫలితాన్ని చాలామంది తల్లిదండ్రులు ఊహించరు. లైసెన్సు ఉన్న జార్జియాలోనే, అనస్థీషియాలజిస్ట్ లేని చిన్న ఊరి ఆసుపత్రిలో మీ అమ్మాయికి ఉద్యోగం ఉండదు. అలాంటి చోట మత్తు ఇచ్చేది నర్స్ అనస్థెటిస్టులు, అంటే మత్తు ఇవ్వడంలో ప్రత్యేకంగా చదువుకున్న నర్సులు. వారిది నర్సింగ్ లైసెన్సు, వారు అన్ని రాష్ట్రాల్లోనూ పనిచేయవచ్చు. 2001లో అయోవాతో మొదలుపెట్టి చాలా రాష్ట్రాలు వారి విషయంలో డాక్టరు పర్యవేక్షణ నియమం నుంచి మినహాయింపు తీసుకున్నాయి. మీ కుటుంబం న్యూజెర్సీకి వెళ్లడం ఖాయమైతే, ఆ దారి గురించి మీ అమ్మాయితో ఒకసారి మాట్లాడండి. అయితే దానికి ముందు నర్సింగ్ డిగ్రీ, ఆ తర్వాత కనీసం ఒక ఏడాది ఐసీయూ అనుభవం, ఆపైన డాక్టరేట్ స్థాయి చదువు కావాలి. బయాలజీ మూడో ఏడులో ఉన్న అమ్మాయికి అది చిన్న మలుపు కాదు.

అసిస్టెంట్ దారి కాలంలో పొట్టిది. డిగ్రీ, మెడిసిన్‌కు అడిగే సైన్సు సబ్జెక్టులు, ఎంక్యాట్ (వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష) లేదా జీఆర్ఈ మార్కులు ఉంటే రెండేళ్లకు కాస్త అటూ ఇటూగా మాస్టర్స్ పూర్తవుతుంది. కళాశాల కోర్సుకు, ఇలాంటి ఆరోగ్య కోర్సులకు గుర్తింపు ఇచ్చే CAAHEP సంస్థ గుర్తింపు ఉందో లేదో మొదటే చూసుకోండి, ఎందుకంటే గుర్తింపు ఉన్న కోర్సులో చదివినవారినే జాతీయ ధ్రువీకరణ పరీక్షకు కూర్చోనిస్తారు, ఆ ధ్రువపత్రం లేనిదే రాష్ట్రాలు లైసెన్సు ఇవ్వవు. జార్జియాలో లైసెన్సు ఇచ్చేది అక్కడి కాంపోజిట్ మెడికల్ బోర్డు. ఉద్యోగంలో చేరాక కూడా నిరంతర విద్య గంటలు చూపిస్తూ ధ్రువపత్రాన్ని నిలుపుకోవాలి.

మీ మేనల్లుడి విషయంలో నేను మెత్తగా చెప్పి ఆశ పెట్టలేను. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం అనస్థీషియా అసిస్టెంట్లను, టెక్నాలజిస్టులను తన జాబితాలో పేర్కొంది. ఆ అబ్బాయి చదువుకు ఇక్కడ విలువ ఉంది, అది పెరుగుతుంది కూడా. కానీ పైన చెప్పిన ధ్రువీకరణ పరీక్షకు ఆ డిగ్రీ అర్హత కాదు. అంతెందుకు, మన దగ్గర ఎంబీబీఎస్ చేసినవారు కూడా అక్కడి గుర్తింపు ఉన్న కోర్సు చదవకుండా ఆ పరీక్ష రాయలేరు. పైగా ఇక్కడి అనస్థీషియా టెక్నాలజిస్ట్ పనికి అమెరికాలో దగ్గరగా ఉండేది అసిస్టెంట్ ఉద్యోగం కాదు, యంత్రాలనూ పరికరాలనూ సిద్ధం చేసే టెక్నీషియన్ ఉద్యోగం. దాని జీతం, బాధ్యత రెండూ వేరు. ఏజెంట్లు ఎవరైనా ఈ రెండు పేర్లనూ కలిపి చెబితే ఆ కాగితం మీద సంతకం పెట్టవద్దని ఆ అబ్బాయికి చెప్పండి.

మీ అమ్మాయి ఈ వేసవిలోనే ఒక అనస్థీషియాలజిస్ట్ అసిస్టెంట్ వెంట ఒక రోజంతా థియేటర్‌లో ఉండేలా ఏర్పాటు చేసుకోవడం మంచిది. కొన్ని కళాశాలలు దరఖాస్తులోనే కనీసం 8 గంటలు అలా చూసినట్లు రాయించుకుంటాయి. అట్లాంటాలో ఇది దొరకడం కష్టం కాదు. ఆ రోజు డాక్టరు ఎన్నిసార్లు గదిలోకి వచ్చారో, వచ్చినప్పుడు ఇద్దరూ ఎలా మాట్లాడుకున్నారో గమనించమనండి. తన ఉద్యోగ జీవితమంతా ఆ మనిషి అలా తలుపు తీసుకుని లోపలికి వస్తూనే ఉంటారు. అది తనకు ధైర్యాన్నిస్తుందో, చిరాకు తెప్పిస్తుందో మీరూ నేనూ చెప్పలేం, ఆ సాయంత్రం తనే మీకు చెబుతుంది.