ఎల్‌ఎల్‌సీ మీద దావా పడితే నువ్వే వెళ్లి వాదించకు

చిరంజీవికి ఆశీస్సులు.

డాలస్‌లో నీ ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) మీద ఎవరో దావా వేశారని, "వాటా మొత్తం నాదే కదా, నేనే వెళ్లి జడ్జికి చెప్పుకుంటా" అంటున్నావని అమ్మ చెప్పింది. ఆ పని మాత్రం చెయ్యకురా. నీ సొంత కేసు నువ్వు వాదించుకోవచ్చు. కానీ ఎల్‌ఎల్‌సీ అంటే నువ్వు కాదు, చట్టం దాన్ని వేరే వ్యక్తిగా చూస్తుంది. వేరే వ్యక్తి తరఫున కోర్టులో నిలబడాలంటే లాయర్ లైసెన్సు ఉండాలి. ఫెడరల్ కోర్టుల్లో కంపెనీ లాయర్ ద్వారానే రావాలని 1993లో రోలండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. టెక్సస్ జిల్లా, కౌంటీ కోర్టుల్లోనూ ఇంతే. సభ్యుడు, అంటే యజమాని, ఒక్కడే ఉన్నాడన్నా వినరు. అప్పుల బాధ్యత నీ ఇంటిదాకా రాకూడదనే కదా కంపెనీ పెట్టావు, ఆ రక్షణతో పాటు ఈ ఖర్చూ వస్తుంది.

ముందు కాగితాల మీద ఏ కోర్టు పేరుందో చూడు. జస్టిస్ కోర్టు అయితే, అంటే 20,000 డాలర్ల వరకు దావాలు చూసే చిన్న కోర్టు అయితే, యజమానిగా నువ్వే వెళ్లొచ్చు. అక్కడ జవాబుకు గడువు 14 రోజులే. అప్పీలు కౌంటీ కోర్టుకు వెళ్తే మాత్రం లాయర్‌ని పెట్టుకో.

జిల్లా కోర్టు అయితే లెక్క వేరు. సమన్లు అందాక 20 రోజులు గడవాలి, ఆ తర్వాత వచ్చే సోమవారం ఉదయం 10 గంటలు గడువు. బుధవారం అందితే ఇరవయ్యో రోజు మంగళవారం అవుతుంది, అక్కణ్నుంచి మొదటి సోమవారం చూసుకో. ఫెడరల్ కోర్టులో 21 రోజులు. కాగితాలు ఎవరి చేతికి, ఏ రోజు, ఎన్నింటికి అందాయో ఇప్పుడే రాసిపెట్టుకో. లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

గడువు దాటితే అవతలివాళ్లు డీఫాల్ట్ జడ్జిమెంట్, అంటే నువ్వు జవాబివ్వలేదని ఏకపక్ష తీర్పు, తీసుకుంటారు, ఆ తర్వాత కంపెనీ బ్యాంకు ఖాతా మీద పడతారు. నువ్వు సొంతంగా సంతకం చేసి జవాబు వేస్తే కొన్నిసార్లు తాత్కాలికంగా నిలబడుతుందంటారు, దాని మీద కంపెనీని పందెం పెట్టకు. జడ్జిమెంట్ వచ్చేసినా టెక్సస్‌లో 30 రోజుల్లోపు కొత్త విచారణ కోరవచ్చు. కావాలని ఎగ్గొట్టలేదని, చెప్పుకోదగ్గ వాదన ఉందని, అవతలివాళ్లకు నష్టం ఉండదని చూపించాలి. అది కష్టం, ఖర్చూ ఎక్కువే.

లాయర్‌ని వెతికే ముందు ఇన్సూరెన్స్ పాలసీ తీసి చూడు. లయబిలిటీ పాలసీ ఈ దావాకు వర్తిస్తే లాయర్‌ని చాలాసార్లు వాళ్లే పెడతారు. దావా సంగతి ఈరోజే వాళ్లకు రాతపూర్వకంగా తెలియజెయ్యి, ఆలస్యం చేస్తే అదే సాకుగా చూపించవచ్చు.

లాయర్‌తో ఒప్పందంలో క్లయింట్‌గా కంపెనీ పేరు రాయించు. నువ్వు వ్యక్తిగత హామీ సంతకం పెట్టి ఉంటే నిన్ను కూడా ప్రతివాదిగా చేర్చి ఉంటారు. అప్పుడు ఇద్దరి తరఫునా ఆయనే వస్తారా, నీకూ కంపెనీకీ మధ్య పేచీ వస్తే ఏం చేస్తారు అని ముందే అడుగు. ఫీజు ఆలస్యం చెయ్యకు. మధ్యలో ఆయన తప్పుకుంటే కంపెనీకి వెంటనే ఇంకో లాయర్‌ని చూసుకోవాలి, లేదంటే కేసు మళ్లీ డీఫాల్ట్ దారి పడుతుంది.

దావా కాపీ, కాంట్రాక్టు, ఇన్వాయిస్‌లు, మెయిళ్లు ఒక ఫోల్డర్‌లో పెట్టి పట్టుకెళ్లు. వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ కూడా తుడిచెయ్యకు, నీకు వ్యతిరేకంగా ఉన్నవైనా సరే. అవతలి పార్టీకి ఫోన్ చేసి వివరణలు ఇవ్వడం మానెయ్.

ఇంకొకటి, రిజిస్టర్డ్ ఏజెంట్ (కంపెనీ తరఫున కోర్టు కాగితాలు తీసుకోవడానికి నమోదైన వ్యక్తి) చిరునామా పాత అపార్ట్‌మెంట్‌దే ఉందేమో చూసుకో. ఏజెంట్ దొరక్కపోతే టెక్సస్‌లో సమన్లు సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి (కంపెనీల నమోదు చూసే రాష్ట్ర అధికారి) ఇచ్చినా కంపెనీకి అందినట్టే లెక్క. నీ చేతికి కాగితం రాకుండానే తీర్పు అయిపోతుంది. ఇల్లు మారినప్పుడల్లా ఆ ఏజెంట్ చిరునామా కూడా మార్పించు.

మామయ్య